పదిహేను సెకన్ల శ్రోత: వీధిలో వాయించడం మొదలుపెట్టేవాళ్ళకు

వీధిలో నిలబడి వాయించి, ముందు పరిచిన పెట్టెలో పడిన డబ్బు తీసుకునే పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళు సాధారణంగా "ఎంత బాగా వాయించాలి?" అని అడుగుతారు. నా అనుభవంలో అది రెండో ప్రశ్న. దారిన పోయే మనిషికి మీరు ఎన్ని సెకన్లు వినపడతారు, ఎన్ని సెకన్లు కనపడతారు అన్నది మొదటిది. కచేరీకి వచ్చేవాళ్ళు మన కోసమే వస్తారు. వీధిలో నడిచేవాళ్ళు తమ పని మీద పోతుంటారు, మనం వాళ్ళ దారిలో తగులుతాం. చోటు, పాట, శబ్దం, పెట్టె ఎక్కడ పెట్టాలన్నది, అన్నీ ఆ నడిచే మనిషి లెక్కతోనే తేల్చుకోవాలి.

ఆ లెక్క ఇది. మామూలు నడక సెకనుకు సుమారు 1.3 మీటర్లు. మీరు 20 మీటర్ల నుంచి వినపడుతూ కనపడుతూ ఉంటే ఆ మనిషి మీ దాకా రావడానికి 15 సెకన్లు పడుతుంది. ఈలోపు పాట గుర్తుపట్టాలి, నచ్చాలి, ఏదైనా వేద్దామనిపించాలి, డబ్బు చేతికి రావాలి. జేబులో చిల్లర ఉంటే నాలుగైదు సెకన్లలో తీసేస్తారు. భుజాన బ్యాగు, బ్యాగులో పర్సు, రెండో చేతిలో ఇంకో సంచి ఉంటే పది సెకన్లు కావాలి. అదే మీరు మూల తిరగ్గానే ఐదు మీటర్లలో ఎదురైతే ఉన్నది 4 సెకన్లే. ఇవ్వాలనిపించినా అప్పటికే దాటిపోయి ఉంటారు, వెనక్కి తిరిగొచ్చి వేసేవాళ్ళు చాలా తక్కువ.

2007 జనవరి 12న వాషింగ్టన్ మెట్రో స్టేషన్ ఒకదానిలో ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు జోషువా బెల్ మామూలు బట్టల్లో, టోపీ పెట్టుకుని, ఉదయం ఆఫీసుల వేళ 43 నిమిషాలు వాయించారు. ఒక పత్రిక చేసిన ప్రయోగమది. 1,097 మంది దాటిపోయారు, కనీసం ఒక నిమిషం ఆగి విన్నది ఏడుగురు. జనానికి కళ పట్టదు అనడానికి దీన్ని తరచూ ఉదాహరణగా చెబుతారు. నాకు అందులో పనికొచ్చే అంకె వేరే ఉంది. డబ్బు వేసినవాళ్ళు 27 మంది, వాళ్ళలో ఎక్కువమంది నడుస్తూనే వేసి వెళ్ళారు. అంటే ఆగినవాళ్ళ కంటే ఆగకుండా ఇచ్చినవాళ్ళే ఎక్కువ. గుంపు చేరడం లేదని దిగులుపడే కొత్తవాళ్ళకు ఇది తెలియాలి. గారడీ, సర్కస్ విద్యలు చూపించేవాళ్ళకు గుంపు కావాలి, వాళ్ళ ఆటకు మొదలూ చివరా ఉంటాయి. పాటకు ప్రవాహం చాలు.

కాబట్టి చోటు చూసుకోవడానికి వెళ్ళినప్పుడు వాయిద్యం తీసుకెళ్ళకండి. గడియారం చాలు. అనుకున్న చోట అరగంట నిలబడి జనం ఎటు నుంచి ఎటు పోతున్నారో, ఎంత వేగంగా పోతున్నారో చూడండి. ఎక్కువమంది ఉన్న చోటే మంచి చోటు అనుకోకూడదు. భుజాలు రాసుకునేంత రద్దీలో జేబులో చెయ్యి పెట్టే సందు ఉండదు, ఆగితే వెనకవాళ్ళు తోస్తారు. నిమిషానికి పదిహేను, ఇరవై మంది తీరుబడిగా నడిచే చోటు అలాంటి రద్దీ కంటే నయం. పొద్దున అదే దారిలో పరుగున పోయినవాళ్ళు సాయంత్రం నింపాదిగా వస్తారు, సెలవురోజు పిల్లలతో వస్తారు. పైగా పొద్దున ఎడమ నుంచి కుడికి పోయిన ప్రవాహం సాయంత్రానికి తిరగబడుతుంది. పొద్దున బాగున్న చోటు సాయంత్రం దారికి తప్పు వైపున పడుతుంది. ఎక్కువమంది వచ్చే దిక్కుకు కొంచెం వాలుగా, వాళ్ళకు మీ ముఖం కనపడేలా నిలబడాలి. సూటిగా ఎదురు నిలబడితే అడ్డగించినట్టు ఉంటుంది, పక్కకు తిరిగితే దాటేదాకా కనపడరు.

వెనక గోడ ఉండాలి. ఇది రక్షణ కోసం మాత్రమే చెప్పడం లేదు. ఆరుబయట శబ్దం దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 75 డెసిబెల్స్ వినిపించే మామూలు గిటారు రెండు మీటర్లలో 69, నాలుగు మీటర్లలో 63, ఎనిమిది మీటర్లలో 57 అవుతుంది. వాహనాలు తిరిగే వీధి చప్పుడే 70 దాకా ఉంటుంది. అంటే ఆంప్ (శబ్దం పెంచే ఆంప్లిఫయర్) లేని గిటారు ఆ వీధిలో రెండు మీటర్లు దాటితే లేనట్టే. రాతిగోడో కాంక్రీటు గోడో అద్దాల గోడో వెనక ఉంటే, వెనక్కి పోయే శబ్దం కూడా ముందుకొచ్చి దాదాపు 3 డెసిబెల్స్ కలిసొస్తుంది. మొక్కల కంచె, గుడ్డ తెర ఇందుకు పనికిరావు. ట్రంపెట్, సాక్సోఫోన్, అకార్డియన్ వీధి చప్పుడును తేలిగ్గా దాటుతాయి, వయొలిన్ కొంత తంటాలు పడి దాటుతుంది. గిటారు, వేణువు, సన్నని గొంతు దాటలేవు. వీటికి వాహనాలు రాని సందు, కమాను, నడిచేవాళ్ళ సొరంగం వెతుక్కోవాలి, లేదా ఆంప్ పెట్టుకోవాలి.

సొరంగం గురించి రెండు మాటలు. అక్కడ గొంతు గంభీరంగా వినిపించడంతో వెంటనే నచ్చేస్తుంది. కానీ ప్రతి స్వరం వాయించాక కూడా రెండు మూడు సెకన్లు మోగుతూనే ఉంటుంది, దాంతో గబగబా మీటే పాట ముద్దయిపోతుంది, సాహిత్యం అర్థం కాదు. నిదానమైన పాటలు, స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ ఉన్నవి ఎంచుకోండి. వయొలిన్ లాంటి కమానుతో వాయించే వాయిద్యాలు, వేణువు సొరంగంలో బ్రహ్మాండంగా పలుకుతాయి. ఊదే ఇత్తడి వాయిద్యాలవాళ్ళు మాత్రం చెవుల సంగతి చూసుకోవాలి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చని పని చోట్ల కొలమానం. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక్క గంటే. మూసిన చోట ట్రంపెట్ ఆ గీత సులభంగా దాటుతుంది కాబట్టి సంగీతకారుల కోసం చేసే ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోవాలి.

అనుమతి విషయంలో ఊరికో పద్ధతి ఉంటుంది, ఒకే ఊళ్ళో స్థలానికో పద్ధతి ఉంటుంది. ముందు తేల్చుకోవాల్సింది ఆ నేల ఎవరిదన్నది. బయటి నుంచి వీధిలా కనిపించే ఆవరణ ప్రైవేటుది కావచ్చు, స్టేషన్ ముందున్న మెట్లు రైల్వేవి కావచ్చు, పార్కుకు వేరే అధికారి ఉండవచ్చు. కొన్ని చోట్ల ఆడిషన్ పెట్టి మరీ ఇస్తారు. ప్యారిస్ మెట్రోలో 1997 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో 2003 నుంచి లైసెన్సు ఉన్నవాళ్ళు గుర్తు పెట్టిన చోట్ల, ముందే బుక్ చేసుకున్న వేళల్లో వాయిస్తారు. న్యూయార్క్ సబ్‌వేలో ఆడిషన్ పథకం 1985లో మొదలైంది, అయితే ఆ పథకంలో లేనివాళ్ళు కూడా వాయించుకోవచ్చు, ప్లాట్‌ఫారాల మీద మాత్రం ఆంప్ వాడకూడదు. ఈ చివరి రకం నియమం చాలా ఊళ్ళలో కనిపిస్తుంది: వాయించడం తప్పు కాదు, ఆంప్‌కు మాత్రం వేరే అనుమతి కావాలి. కాబట్టి అడిగేటప్పుడు "వాయించవచ్చా?" అని ఊరుకోకుండా ఆంప్ వాడవచ్చా, ఏ వేళ దాకా, డబ్బు తీసుకోవచ్చా, సీడీలూ అవీ అమ్మవచ్చా అని నాలుగూ విడివిడిగా అడగండి. అనుమతి కాగితం ఒరిజినల్ ఇంట్లో ఉంచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన నకలు పెట్టె మూతకు లోపలివైపు అతికించుకుంటే అడిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

కొత్తవాళ్ళకు ఆంప్ పెద్దది అక్కర్లేదు. మోయడానికి వీలైనదే కొనండి, ఎందుకంటే చోటు కుదరకపోతే ఇరవై మీటర్లు జరగాల్సి వస్తుంది, బరువైనది ఉన్నవాళ్ళు జరగరు. ఆరు ఏఏ బ్యాటరీలతో నడిచే 5 వాట్ల రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ లాంటిది గిటారుకూ ఒక మైకుకూ కలిపి మామూలు వీధిలో సరిపోతుంది. బ్యాటరీలు మార్చేటప్పుడు ఆరూ ఒకేసారి మార్చాలి. పాతవీ కొత్తవీ కలిపితే పాతది ముందే చచ్చిపోయి మిగతావాటిని లాగేస్తుంది. రీఛార్జ్ చేసే నికెల్ బ్యాటరీలు 1.2 వోల్టులే ఇస్తాయి కాబట్టి కొన్ని ఆంప్‌లు బ్యాటరీ నిండుగా ఉన్నా తక్కువని లైటు వెలిగిస్తాయి, కంగారుపడక్కర్లేదు. నిజంగా అయిపోతున్నప్పుడు గుర్తు వేరు. మంద్ర స్వరాలు ముందు పగులుతాయి, ఎందుకంటే కరెంటు ఎక్కువ లాగేవి అవే. గిటారు లావు తీగ బుర్రుమని, సన్న తీగలు శుభ్రంగా పలుకుతుంటే కేబుల్‌ను అనుమానించకుండా బ్యాటరీలు మార్చండి.

మైకు కూత పెట్టడం కొత్తవాళ్ళందరికీ ఎదురయ్యేదే. ఆంప్‌ను వీపు వెనక పెట్టుకుని తన పాట తనకు వినపడేలా చేసుకోవడమే దీనికి అసలు కారణం. కార్డియాయిడ్ మైకు ముందు నుంచి వచ్చేది బాగా పట్టుకుంటుంది, వెనక నుంచి వచ్చేది దాదాపు పట్టుకోదు. మీ నోటికి ఎదురుగా ఉన్న మైకు, మీ తల వెనకున్న ఆంప్‌ను కూడా చూస్తున్నట్టే. ఆంప్‌ను మీకు మీటరు, మీటరున్నర పక్కకు, మీ కంటే కొద్దిగా ముందుకు జరిపితే అది మైకు వెనక భాగానికి చేరుతుంది, కూత ఆగిపోతుంది. మైకును పెదవులకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల దగ్గర ఉంచితే వాల్యూమ్ తక్కువ పెట్టినా గొంతు వస్తుంది. ఎస్‌ఎమ్58 లాంటి డైనమిక్ మైకుకు విడిగా పవర్ అక్కర్లేదు, కింద పడినా తట్టుకుంటుంది, వీధికి అదే సరైనది. గాలి ఉన్నరోజు స్పాంజి తొడుగు వేయాలి. గిటారే గుమ్మని మోగుతుంటే దాని రంధ్రానికి రబ్బరు మూత పెట్టి, బేస్ తగ్గించండి. బేస్ తగ్గించడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. గోడలు దాటి పై అంతస్తుల్లోకి వెళ్ళేది బేసే. ఫిర్యాదులు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి.

వాల్యూమ్ ఎంత పెట్టాలో మీ చెవితో తేల్చకండి, మీరు ఆంప్ పక్కన ఉంటారు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి స్నేహితుడి చేతికిచ్చి 15 మీటర్ల దూరం పంపండి, తర్వాత వినండి. అక్కడ పాట గుర్తుపట్టేలా ఉండాలి. రెండో పరీక్ష: మీకు మూడు నాలుగు మీటర్ల దూరంలో ఇద్దరు మామూలు గొంతుతో మాట్లాడుకోగలగాలి. ఈ రెండింటికీ మధ్య ఎక్కడో మీ వాల్యూమ్ ఉంటుంది. రెండూ ఒకేసారి కుదరకపోతే ఆ చోటు మీ వాయిద్యానికి సరిపడదు. మరీ గట్టిగా ఉంటే జనం మీకు దూరంగా, అవతలి అంచు పట్టుకుని నడుస్తారు. అలా నడవడం మొదలుపెట్టారంటే రెండు గీతలు తగ్గించండి.

ఇప్పుడు పెట్టె. వాయిద్యం పెట్టెనే తెరిచి పెట్టేవాళ్ళు ఎక్కువ, అదే మంచిది కూడా, చూడగానే అర్థమవుతుంది. మీకు మీటరు, మీటరున్నర ముందు పెట్టాలి. మీ కాళ్ళ దగ్గరే పెడితే వేయడానికి వచ్చేవాళ్ళు మీ మీదికి వంగాలి, చాలామందికి, ముఖ్యంగా పిల్లలకు, అది ఇబ్బంది. మరీ దూరం పెడితే ఎవరైనా ఎత్తుకుపోతే మీరు అందుకోలేరు. జనం ఎక్కువగా ఎడమ నుంచి వస్తుంటే పెట్టె మీకు కుడివైపుకు జరపండి. వాళ్ళు ముందు మిమ్మల్ని దాటి, తర్వాత పెట్టెను దాటాలి. ఆ ఒకటి రెండు మీటర్లలో మరో సెకను దొరుకుతుంది, చెయ్యి జేబులో నుంచి బయటికి రావడానికి ఆ సెకనే కావాలి.

పెట్టెలో ముందే కొంత డబ్బు వేసుకోవాలి. నాలుగైదు నాణేలు, రెండు మూడు మధ్యస్థమైన నోట్లు. ఖాళీ పెట్టెలో మొదటి నాణెం వేయడానికి అందరూ వెనకాడతారు, ఏం వేయాలో కూడా తెలియదు. మీరు వేసుకున్నది చూసి "ఇక్కడ ఇంత వేస్తారన్నమాట" అనుకుంటారు. అన్నీ చిల్లర నాణేలే ఉంటే చిల్లరే పడుతుంది. పెద్ద నోటు పెడితే అబద్ధంలా ఉంటుంది, పైగా దొంగ కన్ను పడుతుంది. పెట్టె నిండినా నష్టమే, ఇతనికి చాలినంత వచ్చిందనుకుంటారు. అందుకని పావుగంటకోసారి, పాటకూ పాటకూ మధ్య, ఎక్కువైన నోట్లు తీసి నడుముకు కట్టుకున్న జిప్పు సంచిలో వేసుకోవాలి. అక్కడ నిలబడి లెక్కపెట్టకూడదు. లోపల ముదురు రంగు గుడ్డ పరిస్తే నాణేలు మెరుస్తూ కనపడతాయి, పడినప్పుడు ఖంగుమని పాటను చెడగొట్టవు. నోట్ల మీద చదునైన రాయి పెట్టండి. గాలికి నోటు లేచిపోతే దాని వెనక పరుగెత్తాల్సింది పాట మధ్యలోనే.

చిల్లర జేబులో పెట్టుకోనివాళ్ళు పెరిగారు కాబట్టి క్యూఆర్ కోడ్ తప్పనిసరి. ఇందులో కొలత ముఖ్యం. కోడ్ వెడల్పుకు సుమారు పది రెట్ల దూరం నుంచి ఫోన్ దాన్ని చదువుతుంది. 5 సెంటీమీటర్ల కోడ్ పెడితే అర మీటరు దగ్గరికి వచ్చి వంగాలి. 20 సెంటీమీటర్లది పెడితే రెండు మీటర్ల దూరంలో, నడిచే దారిలోనే నిలబడి స్కాన్ చేసుకుంటారు. మెరిసే లామినేషన్ ఎండలో అద్దంలా మెరుస్తుంది, ఫోన్‌కు ఏమీ కనపడదు, అందుకే మెరవని రకం వేయించండి. నేల మీద పెట్టకుండా మోకాలికీ నడుముకూ మధ్య ఎత్తులో, కొంచెం వెనక్కి వాల్చి, పెట్టెకు మీటరు ఎడంగా నిలపండి. లేకపోతే స్కాన్ చేసేవాళ్ళు నిలబడి నాణేలు వేసేవాళ్ళకు అడ్డమవుతారు. కోడ్ కింద మీ పేరు పెద్దక్షరాల్లో రాయండి. ఫోన్‌లో వచ్చే పేరూ ఇదీ ఒకటైతేనే నొక్కుతారు. అసలు కోడ్ మీద వేరేవాళ్ళు తమ కోడ్ అతికించిపోయే మోసం ఉంది కాబట్టి మొదలుపెట్టే ముందు ఒకసారి మీరే స్కాన్ చేసి చూసుకోవాలి. సాయంత్రం వాయిస్తే దాని మీద, మీ ముఖం మీద వెలుతురు పడే చోటు కావాలి. దీపం మీ వెనక ఉంటే మీరు నీడగా కనపడతారు.

పాటల విషయానికి వస్తే, పదిహేను సెకన్ల లెక్క ఇక్కడ గట్టిగా పనిచేస్తుంది. అరనిమిషం ముందు సంగీతం ఉన్న పాటలో ఆ అరనిమిషంలో దాటినవాళ్ళందరూ ఏ పాటో తెలియకుండానే పోతారు. ముందు సంగీతం రెండు మూడు సెకన్లకు కుదించి పల్లవి అందుకోండి. రెండో చరణం అవసరమైతే తీసేసి పల్లవికి మళ్ళీ మళ్ళీ రండి. కొత్తగా వచ్చినవాళ్ళకు అది మొదటిసారే. ఎవరైనా ఆగి వింటుంటే పాట ముగించడానికి తొందరపడకండి, పల్లవి ఇంకోసారి తిప్పండి. ఆగినవాళ్ళు పాట అయిపోగానే కదులుతారు, డబ్బు వేసేదీ అప్పుడే. ఆ క్షణంలో మీరు తల వంచుకుని శ్రుతి సరిచేసుకుంటూ ఉంటే వాళ్ళూ మొహమాటపడి వెళ్ళిపోతారు. తలెత్తి చూడండి, చిన్నగా నవ్వండి. పాట మధ్యలో ఎవరైనా వేస్తే తల ఊపితే చాలు, చరణం తెంచి థాంక్స్ చెప్పనక్కర్లేదు.

పాటకూ పాటకూ మధ్య ఐదారు సెకన్లకు మించి ఖాళీ ఉండకూడదు. వాయించని మనిషి పక్కన తెరిచిన పెట్టె ఉంటే అది అడుక్కుంటున్నట్టు కనపడుతుంది, ఎవరూ ఏమీ వేయరు. పాటల వరుస కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో వెతుక్కుంటే అరనిమిషం పోతుంది. గిటారు తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ ఉంటే శబ్దం కట్టేసి శ్రుతి చూసుకోవచ్చు. సొంత పాటలు పాడాలని ఉన్నవాళ్ళు తెలిసిన రెండు పాటల మధ్య ఒకటి పెట్టండి, వరుసగా రెండు వద్దు. నేను సొంత పాటలకు వ్యతిరేకిని కాను, పాడాల్సిందే. అయితే తెలిసిన పాటతో ఆగిన మనిషికి తెలియని పాట వినే ఓపిక వస్తుంది, నడిచే మనిషికి రాదు.

పన్నెండు నుంచి పదిహేను పాటలు ఉంటే ముప్పావుగంట, గంట వస్తుంది. మొదలుపెట్టడానికి అది చాలు. నాలుగు పాటలతో కూడా నడిచేవాళ్ళ దగ్గర నెట్టుకురావచ్చు, వాళ్ళు మారిపోతూ ఉంటారు. మారిపోనివాళ్ళు ఇంకో రకం: ఎదురు దుకాణంలో కూర్చున్నవాళ్ళు, పైన ఆఫీసులో పనిచేసేవాళ్ళు, గేటు దగ్గర గార్డు. వాళ్ళు ఆ నాలుగు పాటలనే సాయంత్రం దాకా వింటారు. పాట బాగాలేదని ఫిర్యాదు చేసేవాళ్ళను నేను ఎరగను. అదే పాట పదోసారి వినలేక చేస్తారు. మొదలుపెట్టే ముందు దగ్గరి దుకాణాల్లోకి వెళ్ళి, "గంటసేపు ఇక్కడ వాయిస్తాను, ఇబ్బందైతే చెప్పండి, తగ్గిస్తాను" అని చెప్పండి. చెప్పిన గంటకు లేచిపోండి, బాగా వస్తున్నా సరే. రేపు మళ్ళీ అక్కడికి రావాలి కదా.

ఇంకొకరు అప్పటికే వాయిస్తుంటే వాళ్ళ పాట మీ దగ్గర వినపడనంత దూరం వెళ్ళాలి. మీటర్లు ముఖ్యం కాదు, చెవి ముఖ్యం. లేదా పాట అయ్యేదాకా ఆగి, పెట్టెలో ఏదైనా వేసి, ఎప్పటిదాకా ఉంటారో అడిగి తర్వాతి గంట చెప్పి పెట్టుకోండి. పాత వాద్యకారులకు ఆ వీధి రోజువారీ సంగతులన్నీ తెలుసు. ఏ గార్డు మంచివాడు, ఏ వేళకు లోడు దింపే లారీ వస్తుంది, ఏ మూల నీళ్ళు కారతాయి, ఇవన్నీ ఆ రెండు నిమిషాల మాటల్లో తెలుస్తాయి.

నిలబడే చోట దారికి కనీసం రెండు మీటర్లు వదలాలి, అదీ మీ ముందు జనం ఆగాక మిగిలే రెండు మీటర్లు. తలుపులు, ఏటీఎం, బస్సు ఆగే చోటు, చక్రాల కుర్చీ ర్యాంపు, చూపు లేనివాళ్ళ కోసం వేసిన గీతల పలకలు, వీటి మీద నిలబడటం గానీ కేబుల్ పరచడం గానీ చేయకండి. ఆ పలకల మీద పెట్టిన ఆంప్‌కు కర్ర తగిలి ఒక మనిషి పడిపోవచ్చు. టికెట్ల వరుస పక్కన వాయించడం మంచిదే, వాళ్ళకు తీరిక ఉంటుంది, అయితే వరుస కదిలి కొత్తవాళ్ళు వచ్చేదాకా కొత్తగా పడేది ఉండదు. హోటళ్ళ బయట బల్లల దగ్గరైతే యజమానిని అడిగి, ఇరవై నిమిషాలకు మించకుండా వాయించాలి. తింటున్నవాళ్ళు లేచి వెళ్ళలేరు, ఆ బలవంతం వాళ్ళ ముఖాల్లో కనపడుతుంది.

ఎండ, చలి వాయిద్యం మీద వెంటనే పనిచేస్తాయి. ఎండలో స్టీలు తీగలు సాగి శ్రుతి దిగుతుంది, చలికి బిగిసి ఎక్కుతుంది. వేణువు తీరు దీనికి తలకిందులు. గాలి వేడెక్కితే శ్రుతి పైకి పోతుంది, డిగ్రీకి సుమారు 3 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు), అంటే పది డిగ్రీలు మారితే అర్ధస్వరంలో దాదాపు మూడో వంతు. వేణువూ గిటారూ జంటగా వాయించేవాళ్ళు నీడ నుంచి ఎండలోకి వస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి పోతాయి. అలాంటప్పుడు వేణువుకు గిటారును సరిచేయాలి, వేణువును గిటారుకు కాదు. నల్లటి పెట్టె ఎండలో మూసి ఉంచితే లోపలి వేడికి జిగురు మెత్తబడి, తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి లేచిపోవచ్చు. ఉన్నవాటిలో మంచి వాయిద్యం ఇంట్లో ఉంచి, పొరల చెక్కతో చేసిన రెండోదాన్ని వీధికి తెచ్చుకోండి. తేమకూ ఎండకూ అది తక్కువ వంగుతుంది. సంచిలో తీగల సెట్టు ఒకటి, విడిగా మొదటి తీగలు రెండు, తీగ కత్తిరించే కటింగ్ ప్లయర్, పిక్కులు నాలుగైదు, కేబుల్ ఒకటి, బ్యాటరీల సెట్టు ఒకటి, అన్నిటినీ కప్పే పెద్ద ప్లాస్టిక్ షీటు ఉండాలి. కేబుల్‌ను గిటారు బెల్టులోంచి ఒక చుట్టు తిప్పి గుచ్చితే ఎవరి కాలికైనా తగిలినప్పుడు జాక్ విరగదు.

గొంతు మాటా చెప్పాలి. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. 1911లో ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ దీన్ని గుర్తించి చెప్పడంతో దీనికి లొంబార్డ్ ఎఫెక్ట్ అని పేరు వచ్చింది. పాడుతున్నంతసేపూ తెలియదు, మర్నాడు గొంతు బొంగురుపోతే తెలుస్తుంది. ఇంట్లో పాడే స్కేలు కంటే ఒక స్వరం కిందికి దించుకోండి, మైకు ఉంటే దాన్ని నమ్మండి. ముప్పావుగంట పాడి పావుగంట మాట్లాడకుండా కూర్చోవాలి. ఆ పావుగంటలో జనంతో గట్టిగా కబుర్లు చెబితే విశ్రాంతి ఇచ్చినట్టు కాదు.

మొదటి పదిహేను నిమిషాల్లో ఏమీ పడకపోతే ఒక్కొక్కటే మార్చి చూడండి, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ముందు వాల్యూమ్, తర్వాత నిలబడిన కోణం, తర్వాత పెట్టె చోటు, ఆ తర్వాత పాట. అరగంటకూ కదలకపోతే ఇరవై మీటర్లు జరగండి. గార్డో పోలీసో వస్తే ముందు ఆంప్ కట్టేయండి, తర్వాత మాట్లాడండి. మోగుతున్న ఆంప్ మీదుగా ఎంత మర్యాదగా మాట్లాడినా అవతలివాళ్ళకు అది అరిచినట్టే ఉంటుంది. కాగితం చూపించండి, అయినా వెళ్ళమంటే వెళ్ళండి, వాదన కార్యాలయంలో చేసుకోవచ్చు. తాగినవాళ్ళు వచ్చి పక్కన నిలబడి పాడతారు, మైకు అడుగుతారు. మైకు ఇవ్వకండి, కసరకండి. సాహిత్యం ఆపి వాయిద్యం మీద ఒక నిదానమైన పాట ఎత్తుకుంటే చాలామంది రెండు నిమిషాల్లో వెళ్ళిపోతారు. వెళ్ళకపోతే ముందు డబ్బు తీసుకుని పెట్టె మూసేయండి.

సర్దుకునేటప్పుడు ఆంప్ వాల్యూమ్ సున్నాకు దించి కట్టేసి, మైకు, కేబుల్, క్యూఆర్ బోర్డు ఈ వరుసలో తీయండి. తెరిచిన పెట్టె చివరికి ఉండాలి, ఎందుకంటే ఇంతసేపూ దూరం నుంచి విన్నవాళ్ళు కొందరు మీరు సర్దుకోవడం చూసి అప్పుడు లేచి వస్తారు. ఇంటికొచ్చాక చోటు, వేళ, వాతావరణం, ఆంప్ ఉందా లేదా, నాణేలు ఎంత, నోట్లు ఎంత, ఫోన్‌లో ఎంత అని విడివిడిగా రాసుకోండి. మొత్తాన్ని వాయించిన గంటలతోనే భాగించకుండా, వచ్చీపోయే సమయం, సర్దుడు కూడా కలిపి భాగించండి. దూరంగా ఉన్న మంచి చోటు కంటే దగ్గరున్న మామూలు చోటు మేలని చాలాసార్లు తేలుతుంది. చిల్లరను బ్యాంకుకు మోయక్కర్లేదు. పొద్దున చెప్పి మొదలుపెట్టిన ఆ ఎదురు దుకాణాల్లోనే అడగండి, వాళ్ళకు రోజూ చిల్లర కొరతే. నాణేలు పదీ ఇరవై చొప్పున కాగితంలో చుట్టి తీసుకెళ్తే అక్కడికక్కడే నోట్లుగా మార్చి ఇస్తారు.